భద్రతా పుస్తకానికి కంపెనీ ఫాంట్లు: లేటెక్ అమరిక డైరీ

జూన్ మొదటి వారం: పని ఏమిటంటే

పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీకి కార్మికుల భద్రతా పుస్తకం తయారవుతోంది. 1/8 డెమ్మీ సైజు, 96 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు ఆరు. ప్రతి పేజీలోనూ తెలుగూ ఇంగ్లిషూ కలిసే ఉంటాయి. చివరి ఫారం మాత్రం ఒడియాలో. అదే పాఠం నుంచి గోడకు అంటించే ఏ3 నోటీసులు కూడా రావాలి. రసాయనాల పట్టికలు, ప్రథమ చికిత్స సూచనలు తరచూ మారతాయి కాబట్టి ఒకచోట మారిస్తే పుస్తకంలోనూ నోటీసులోనూ మారిపోవాలి. అందుకే విజయనగరంలో జరిగే ఈ పేజీ మేకప్‌ను పేజ్‌మేకర్‌లో కాకుండా లేటెక్‌లో (ఆదేశాలు రాసి పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాం.

కంపెనీ నిబంధన స్పష్టంగానే ఉంది. ఇంగ్లిషుకు వాళ్ళు లైసెన్సు కొనుక్కున్న సాన్స్ ఫాంటు, భారతీయ భాషలకు గూగుల్ ఉచిత ఫాంటు నోటో సాన్స్. పీడీఎఫ్‌లో మరో ఫాంటు కనిపించకూడదు. అయితే ఆ నిబంధనల పుస్తకం అంతా ఇంగ్లిషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. తెలుగు ఏ సైజులో ఉండాలి, లీడింగ్ (లైన్ల ఎడం) ఎంత, వాక్యం మధ్యలో వచ్చే అంకెలు ఏ ఫాంటులో పడాలి అన్నవి అందులో లేవు. అవి ఇక్కడ తేల్చాల్సినవే. యాసిడ్ ఒంటిమీద పడినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పేజీలో తెలుగు ఇరుకుగా, మసకగా పడితే ఆ పుస్తకం ఎవరికీ పనికిరాదు.

ఫైళ్ళ తనిఖీ

కంపెనీ పంపిన జిప్‌లో ఇంగ్లిషు ఫాంటు వోఫ్2 ఫైళ్ళుగా వచ్చింది. అది వెబ్‌సైట్ల కోసం కుదించిన రూపం, టెక్ ఇంజిన్లు (లేటెక్ వెనక పనిచేసే ప్రోగ్రాములు) దాన్ని చదవవు. ఫాంట్‌టూల్స్ అనే పనిముట్లతో విప్పి టీటీఎఫ్ (మామూలు ఫాంటు ఫైలు) చెయ్యడం క్షణాల పని, కానీ చెయ్యకూడదు. వెబ్ లైసెన్సు వేరు, అచ్చుకు వాడే డెస్క్‌టాప్ లైసెన్సు వేరు. కంపెనీ దగ్గర డెస్క్‌టాప్ లైసెన్సు కూడా ఉంది కాబట్టి ఓటీఎఫ్ ఫైళ్ళనే అడిగి తెప్పించుకున్నాం: రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్.

ఓటీఎఫ్‌లు వచ్చాక మొదట చూడాల్సింది ఫాంటు లోపలి ఓఎస్/2 పట్టికలోని ఎఫ్ఎస్‌టైప్ విలువ, అంటే పీడీఎఫ్‌లో పొదగడానికి ఉన్న అనుమతి. టీటీఎక్స్ పనిముట్టుతో ఆ ఒక్క పట్టికనే బయటికి తీసి చూడొచ్చు. 0 అయితే పీడీఎఫ్‌లో పొదగడానికి అడ్డు లేదు. 4 అంటే చూడటానికీ అచ్చుకూ మాత్రమే, 8 అంటే దిద్దుబాటుకు కూడా, 2 అంటే అనుమతి లేకుండా పొదగకూడదు. 4 ఉన్న ఫాంటు వాడితే జీలేటెక్ అనే టెక్ ఇంజిన్ వెనక పనిచేసే పీడీఎఫ్ డ్రైవరు హెచ్చరిక ఇస్తుంది. మాకు వచ్చిన నాలుగింటిలోనూ 8 ఉంది, సరిపోతుంది.

నోటో సాన్స్ తెలుగు వేరియబుల్ ఫాంటుగా వచ్చింది. ఒకే ఫైలులో సన్నం నుంచి మందం వరకు 100 నుంచి 900 దాకా అన్ని బరువులూ ఉంటాయి. తెరమీద సౌకర్యమే గాని టెక్‌తో చిక్కు. బోల్డ్ అడిగినా పీడీఎఫ్‌లో మామూలు అక్షరమే పడే ప్రమాదం ఉంది, పైగా లాగ్‌లో (టెక్ రాసే నివేదికలో) ఏ తప్పూ కనిపించకపోవచ్చు. కాబట్టి స్టాటిక్ ఫైళ్ళు వాడాలి. గూగుల్ ఫాంట్స్ జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డరు విడిగా ఉంటుంది. అది లేకపోతే ఫాంట్‌టూల్స్‌లోని ఇన్‌స్టాన్సర్‌కు బరువు 400 అనీ 700 అనీ చెప్పి రెండు ఫైళ్ళు తీసుకోవచ్చు. నోటోది ఓఎఫ్ఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు, మార్పుకు ఒప్పుకుంటుంది. కంపెనీ ఇంగ్లిషు ఫాంటు మీద మాత్రం ఇలాంటి కోత వెయ్యకూడదు.

తెలుగులో తీసుకున్నవి మూడు బరువులు: రెగ్యులర్, మీడియం, బోల్డ్. ఇటాలిక్ లేదు, ఉండక్కర్లేదు. ఫేక్‌స్లాంట్ పెట్టి తెలుగును వాల్చితే గుడులూ వత్తులూ పక్క అక్షరం మీదికి వెళ్తాయి. ఇంగ్లిషులో ఇటాలిక్ వచ్చే చోట తెలుగులో మీడియం పడేలా ఇటాలిక్‌ఫాంట్ విలువగా మీడియం ఫైలునే ఇచ్చాం. ఫేక్‌బోల్డ్ అసలే వద్దు. అంచులు లావెక్కి ద, ధ మధ్య తేడా, ప, ఫ మధ్య తేడా పూడుకుపోతాయి. చిన్న సైజులో, మ్యాప్‌లిథో కాగితం మీద ఇంకా ఎక్కువ.

ఇంజిన్, రెండరర్

జీలేటెక్, లువాలేటెక్ రెండూ ఓపెన్‌టైప్ ఫాంట్లను నేరుగా తీసుకుంటాయి. ఇక్కడ లువాలేటెక్ ఎంచుకున్నాం, కారణం అంకెల దగ్గర తెలుస్తుంది. టెక్ లైవ్ (టెక్ పనిముట్లన్నీ కలిపి వచ్చే కూర్పు) 2020 నుంచి లువాలేటెక్ లోపల వత్తులూ గుణింతాలూ కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది. కానీ అడగకపోతే అది వాడదు. ఫాంట్లను చెప్పే ప్యాకేజీ ఫాంట్‌స్పెక్‌లో రెండరర్‌కు హార్ఫ్‌బజ్ అనీ, స్క్రిప్ట్‌కు తెలుగు అనీ రెండూ రాయాలి. రెండరర్ చెప్పకపోతే వత్తుల కూర్పు మీద భరోసా ఉండదు. జీలేటెక్‌లోనైనా స్క్రిప్ట్ వదిలేస్తే వత్తు పడాల్సిన చోట పొల్లు బయటపడి అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. ఇంటర్నెట్‌లో కనిపించే చాలా ఫిర్యాదులకు మూలం ఈ ఒక్క మాట రాయకపోవడమే.

తనిఖీ పట్టీగా ఒక చిన్న ఫైలు విడిగా ఉంచుకున్నాం. అందులోని పదాలు: స్త్రీ, రాష్ట్రం, ఊర్ధ్వ, కృత్రిమ, స్వాతంత్ర్యం, వైద్యం, క్షారం, ఆమ్లం, క్లోరిన్, ఐసోప్రొపైల్, సాఫ్ట్‌వేర్. ఫాంటు, ఇంజిన్, టెక్ లైవ్ ఏది మారినా ముందు ఈ పట్టీ అచ్చు తీసి కళ్ళతో చూడాలి. ఆ తరువాతే పుస్తకం.

పేరుతో కాదు, ఫైలుతో

ఫాంటును కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసి పేరుతో పిలవడం సులువు. కానీ ఇద్దరు వేర్వేరు యంత్రాల మీద పనిచేస్తే అదే తిప్పలు తెస్తుంది. విండోస్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే ఫాంటు ఆ వాడుకరి సొంత ఫోల్డరులోకి పోతుంది, టెక్ దాన్ని చూడకపోవచ్చు. అందరికీ ఇన్‌స్టాల్ చెయ్యి అన్నదాన్ని ఎంచుకుంటేనే విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో పడుతుంది. ఒక యంత్రంలో నోటో పాత కూర్పు, మరోదానిలో కొత్తది ఉంటే పేరు ఒకటే కాబట్టి తప్పు చూపదు. లైన్లు మాత్రం వేరే చోట తెగి 40వ పేజీ పాఠం 41లోకి జారుతుంది.

అందుకని ప్రాజెక్టు ఫోల్డరులోనే ఫాంట్ల ఫోల్డరు పెట్టి, ఫాంట్‌స్పెక్‌కు పాత్, ఎక్స్‌టెన్షన్, అప్‌రైట్‌ఫాంట్, బోల్డ్‌ఫాంట్ అన్నీ ఫైలు పేర్లతో చెప్పాం. ఇలా చేస్తే లువాలేటెక్ ఫాంట్ల పేర్ల జాబితా కట్టుకునే అవసరం కూడా రాదు. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య (ఫైలులో ఏది మారినా మారే గుర్తింపు సంఖ్య) ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఉంచాం. కంపెనీ కొత్త ఫాంట్లు పంపితే సంఖ్య మారుతుంది, ఎవరి దగ్గర ఏ కూర్పు ఉందో వెంటనే తేలుతుంది.

ఇదే కంపెనీ పనులు నాలుగైదు ఒకేసారి నడిచే ఆఫీసులో అయితే ఫాంట్లను టెక్స్‌ఎంఎఫ్ లోకల్ చెట్టులో (టెక్ వెతికే ఫోల్డర్లలో) ఫాంట్స్, ఓపెన్‌టైప్ ఫోల్డర్ల కింద కంపెనీ పేరుతో పెట్టి ఫైళ్ళ జాబితాను తాజా చేసే ఎంకేటెక్స్‌ఎల్‌ఎస్‌ఆర్ నడపడం మేలు. టెక్స్‌ఎంఎఫ్ హోమ్‌లో పెడితే అదీ అక్కర్లేదు. అప్‌డ్‌మ్యాప్ జోలికి వెళ్ళాల్సిన పని లేదు, అది పాత టైప్ 1 ఫాంట్ల కోసం.

జూన్ రెండో వారం: సైజు, లీడింగ్

ఎక్కువ శ్రమ పెట్టింది ఇక్కడే, పెట్టాల్సింది కూడా ఇక్కడే.

పుస్తకంలో తెలుగే ప్రధానం కాబట్టి మెయిన్ ఫాంటుగా తెలుగునే పెట్టి, ఇంగ్లిషును దానికి తగ్గట్టు సవరించాం. ఫాంట్‌స్పెక్‌లో స్కేల్‌కు మ్యాచ్‌లోయర్‌కేస్ అని ఇస్తే రెండు ఫాంట్ల చిన్న ఎక్స్ ఎత్తును పోల్చి సరిచేస్తుంది. రెండు ఇంగ్లిషు ఫాంట్ల మధ్య అయితే బాగానే ఉంటుంది. తెలుగు ఫాంటులో ఆ ఎత్తు తెలుగు అక్షరం శరీరానికి సంబంధించింది కాదు, కాబట్టి ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. చేత్తో కొలవడమే దారి. న, మ, ర ఒక వరుసగా, పక్కనే ఇంగ్లిషు చిన్న అక్షరాలు పెద్ద సైజులో అచ్చు వేసి, తలకట్టు మినహాయించి తెలుగు అక్షరం శరీరం ఎత్తు కొలిచాం. తెలుగు 10.5 పాయింట్లు, ఇంగ్లిషు స్కేల్ 0.92 దగ్గర రెండూ సమంగా కనిపించాయి. కంపెనీ ఇంగ్లిషు ఫాంటులో చిన్న అక్షరాలు బాగా ఎత్తుగా ఉండటంతో తగ్గించాల్సి వచ్చింది. వేరే ఇంగ్లిషు ఫాంటుకు ఈ 0.92 వర్తించదు, మళ్ళీ కొలవాలి.

ఇక లీడింగ్. కంపెనీ నిబంధన ఇంగ్లిషుకు సైజులో 1.3 రెట్లు అంటుంది, అంటే 10.5కు దాదాపు 13.7. తెలుగుకు అది చాలదు. పై లైనులో రాష్ట్ర, కింది లైనులో సరిగ్గా అక్కడే ధీ పడిందనుకోండి. వత్తులు కిందికి, గుడి పైకి, రెండూ ఢీకొంటాయి. టెక్ ఇలాంటి చోట ఏం చేస్తుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. పై లైను లోతూ కింది లైను ఎత్తూ కలిపి బేస్‌లైన్‌స్కిప్ (మనం పెట్టిన లీడింగ్) కంటే ఎక్కువైతే అది లీడింగ్‌ను పక్కనబెట్టి, రెండు లైన్ల మధ్య లైన్‌స్కిప్ అనే చిన్న ఖాళీ పెడుతుంది. దాని మామూలు విలువ 1 పాయింటు. దాంతో ఆ ఒక్క చోట లైను కిందికి జరుగుతుంది. పేజీలో అక్కడక్కడ లైన్ల ఎడం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, ఎదురెదురు పేజీల లైన్లు కలవవు, కాగితం వెనక లైను ముందు లైన్ల మధ్య నీడగా తేలుతుంది.

ఈ ఖాళీ ఎప్పుడు పెట్టాలో చెప్పే లైన్‌స్కిప్‌లిమిట్‌ను రుణ సంఖ్య చేస్తే ఎడం సమమవుతుందని చాలామంది సలహా ఇస్తారు. ముందే అది చేస్తే ఢీకొనడం ఆగదు, కనిపించకుండా పోతుందంతే. వత్తు మీద గుడి అచ్చయిపోతుంది. వరుస ఇలా ఉండాలి: ముందు తనిఖీ పట్టీలోని పదాలను పై లైనులో లోతైనవి, కింది లైనులో ఎత్తైనవి వచ్చేలా పేర్చాలి. లీడింగ్‌ను అరపాయింటు చొప్పున పెంచుతూ పోయి, ఎక్కడ ఏ జతా తగలకుండా నిలుస్తుందో చూడాలి. మా కొలతలో అది 16.5 పాయింట్లు. ఆ తరువాతే లైన్‌స్కిప్‌లిమిట్ మైనస్ 3 పాయింట్లు పెట్టాలి. అప్పుడు అరుదైన మూడంతస్తుల వత్తు ఎక్కడైనా వచ్చినా లైన్లు కదలవు.

దీనివల్ల పేజీకి లైన్లు తగ్గుతాయి. కాగితం ఖర్చు పెరుగుతుందని సైజు 9.5కు దించమనే మాట ప్రతి తెలుగు పనిలోనూ వస్తుంది. ఈ పుస్తకంలో మాత్రం దించకూడదు. ప్లాంటులో చదివే చోట వెలుతురు తక్కువ, చదివే వాళ్ళలో నలభై దాటినవాళ్ళూ ఉంటారు. పేజీలు మిగలాలంటే పాఠంలో పునరుక్తి కోసెయ్యడమే మేలైన దారి.

పదాల విరుపు గురించి ఒక మాట. తెలుగుకు హైఫనేషన్ నమూనాలు టెక్ లైవ్‌లో ఉన్నాయి. తెలుగు అచ్చులో పదం చివర గీత అలవాటు లేదు కాబట్టి లువాటెక్‌లో ప్రీహైఫన్‌చార్‌ను సున్నా చేశాం. రసాయనాల పేర్లను మాత్రం ఎంబాక్స్‌లో పెట్టి అసలు విరగకుండా కట్టేశాం. మిథనాల్ ఒక లైను చివర మిథ, తరువాతి లైనులో నాల్ అని ఉండటం ప్రమాదకరం.

పట్టికలు

పాఠంలో కుదిరిన లీడింగ్ పట్టికలో కుదరదు. గడిలోని స్ట్రట్ (వరుస ఎత్తును నిలిపే కనిపించని స్తంభం) బేస్‌లైన్‌కు పైన 70 శాతం, కింద 30 శాతం చొప్పున ఎత్తు తీసుకుంటుంది. ఆ నిష్పత్తి ఇంగ్లిషుది. తెలుగు వత్తు కింది గీతను తాకుతుంది. అర్రేస్ట్రెచ్ పెంచితే పైనా కిందా ఒకే నిష్పత్తిలో పెరిగి పైన అనవసరపు ఖాళీ మిగులుతుంది. ఎక్స్‌ట్రారోహైట్ అయితే పైన మాత్రమే పెంచుతుంది, అంటే కావలసినదానికి ఎదురు. సొంత స్ట్రట్ రాసుకోవడం మంచిది: పైన 10 పాయింట్లు, కింద 6.5. ప్రతి వరుస చివర అది వచ్చేలా పట్టిక పర్యావరణంలోనే పొదిగాం. సన్నని గడుల్లో రెండువైపులా సమం చెయ్యడం మానేసి కుడివైపు వదిలేశాం, లేకపోతే తెలుగులోని పొడుగు పదాల మధ్య ఖాళీలు నదుల్లా పారతాయి.

జూన్ మూడో వారం: అంకెలు, గుర్తులు

యూనికోడ్ లెక్కలో 0 నుంచి 9 దాకా మామూలు అంకెలు ఏ లిపికీ చెందినవి కావు. "15 నిమిషాల పాటు నీళ్ళతో కడగాలి" అన్న వాక్యంలో 15 అనేది చుట్టూ ఉన్న తెలుగు ఫాంటు నుంచే వస్తుంది. మాకొచ్చిన నోటో తెలుగులో ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ కూడా ఉన్నాయి, అవి కంపెనీ ఫాంటువి కావు. ఒకే పట్టికలో రెండు రకాల 5లు కనిపించాయి. లిపిని బట్టి ఫాంటు మార్చే బేబెల్ (లేటెక్‌లో భాషల ప్యాకేజీ) సౌకర్యం అక్షరాలకు సరే, అంకెలకు కాదు.

ఇక్కడే లువాలేటెక్ అక్కరకొచ్చింది. దానికి ఫాంట్లు తెచ్చే లువాఓటీఎఫ్‌లోడ్‌లో యాడ్ ఫాల్‌బ్యాక్ అనే సౌకర్యం ఉంది. మొదటి ఫాంటులో లేని అక్షరాన్ని రెండో ఫాంటు నుంచి తెస్తుంది. కానీ తెలుగు ఫాంటులో అంకెలు ఉన్నంతకాలం అది రెండోదాన్ని అడగదు. కాబట్టి పైఎఫ్‌టీసబ్‌సెట్‌తో నోటో తెలుగు నుంచి ఇంగ్లిషు అక్షరాలనూ అంకెలనూ తీసేశాం. మిగల్చాల్సినవి, యూనికోడ్ దశాంశ సంఖ్యల్లో: తెలుగు విభాగం 3072 నుంచి 3199, ఖాళీ 32, విడిపోని ఖాళీ 160, కుండలీకరణాలు 40, 41, అక్షరాలు కూడుకోకుండా ఆపే కనిపించని గుర్తు జెడ్‌డబ్ల్యూఎన్‌జే 8204, దాని పక్కదైన, కలిపే గుర్తు జెడ్‌డబ్ల్యూజే 8205, చుక్కల వలయం 9676. లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని నక్షత్రం గుర్తుతో చెప్పడం మరవకూడదు. కుండలీకరణాలను తెలుగు ఫాంటులోనే ఉంచడానికి కారణం ఉంది: ఇంగ్లిషు బ్రాకెట్ పొట్టిది, లోపలి తెలుగు వత్తు దాని కిందికి దిగిపోతుంది.

పట్టికల్లో అంకెలు నిలువుగా ఒకదాని కింద ఒకటి పడాలి కాబట్టి ఫాల్‌బ్యాక్ వరుసలోనే అంకెలన్నిటినీ ఒకే వెడల్పు చేసే టీఎన్‌యూఎం ఫీచరు కలిపాం. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి 2010లో వచ్చింది, అంతకుముందు తయారైన ఫాంట్లలో ఉండదు. కంపెనీ ఫాంటు అలాంటిదే. ఫాల్‌బ్యాక్‌లో మూడోదిగా నోటో సాన్స్ చేర్చాం, అది నిబంధనకు లోబడినదే.

మైక్రో గుర్తు ఇంకో చిక్కు. చూడటానికి ఒకేలా ఉండేవి రెండున్నాయి: 181 మైక్రో, 956 గ్రీకు మ్యూ. ప్రయోగశాల నుంచి వచ్చే పాఠంలో రెండూ కలిసి ఉంటాయి, కంపెనీ ఫాంటులో మొదటిదే ఉంది. మోతాదుల పట్టికలో గుర్తు ఎగిరిపోతే మైక్రోగ్రాములు కాస్తా గ్రాములైపోతాయి. ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ విలువ 3 పెడితే (టెక్ లైవ్ 2021 నుంచి) లేని అక్షరం దగ్గర టెక్ తప్పు చూపి ఆగుతుంది. మామూలుగా అయితే లాగ్‌లో ఒక లైను రాసి ముందుకు పోతుంది. ఈ 3 పెట్టకుండా ఫార్మా పనిలో దిగకూడదు.

పాత పాఠం

కంపెనీ ఇంతకుముందు వేయించిన పుస్తకం యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో ఉంది. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాక కంటికి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం మూడు రకాల దోషాలు. సున్న (3074) ఉండాల్సిన చోట తెలుగు సున్నా అంకె (3174) ఉంటుంది. రూపం దాదాపు ఒకటే, వెతికితే దొరకదు. ఐత్వం ఒకే సంకేతంగా (3144) ఉండాల్సింది ఎత్వం (3142), ఐత్వపు కింది గుర్తు (3158) అని రెండుగా ఉంటుంది. విడి సంకేతాలను ఒక్కటిగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ సాధారణీకరణతో ఇది సరవుతుంది. మూడోది, జెడ్‌డబ్ల్యూఎన్‌జే రాలిపోయి ఇంగ్లిషు మాటలన్నీ వత్తులుగా కూడుకుపోతాయి. మొదటి రెండూ చిన్న ప్రోగ్రాముతో తేలిపోతాయి. మూడోదానికి మనిషే చదవాలి.

పీడీఎఫ్ తనిఖీ

పీడీఎఫ్‌ఫాంట్స్ ఆదేశం నడిపితే ఫాంట్ల జాబితా వస్తుంది. ఎంబ్ (పొదిగింది), సబ్ (వాడిన అక్షరాలే ఉన్నాయి), యూని (యూనికోడ్ సంకేతాలున్నాయి) మూడు నిలువు వరుసల్లోనూ యెస్ (yes) అని ఉండాలి. జాబితాలో అనుకోని కంప్యూటర్ మోడర్న్ (టెక్‌తో వచ్చే ఫాంటు) కనిపించింది. ఉష్ణోగ్రత డిగ్రీ గుర్తునూ, కనీసం అనే అర్థంలో వాడే గుర్తునూ గణిత రీతిలో రాస్తే అవి గణిత ఫాంట్ల నుంచి వస్తాయి. వాటిని నేరుగా అక్షరాలుగా (176, 8805) మార్చగానే పోయింది. రెండో అతిథి ఏరియల్, ఎక్సెల్ నుంచి తెచ్చిన గ్రాఫుల్లోంచి. వాటిని పీజీఎఫ్‌ప్లాట్స్‌లో మళ్ళీ గీస్తున్నాం.

ఫాంట్లను కర్వ్స్ చేసి (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి) ఇమ్మని ప్రెస్సులు అడుగుతాయి. కోరెల్‌డ్రాలో పీడీఎఫ్ తెరిస్తే తెలుగు చెదిరిపోతుందన్న అనుభవమే అందుకు కారణం. పొదిగిన ఫాంట్లున్న పీడీఎఫ్‌ను నేరుగా ప్లేటుకు పంపే ప్రెస్సుకు కర్వ్స్ అవసరం లేదు. తప్పనిసరి అయితే ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో నోఅవుట్‌పుట్‌ఫాంట్స్ ఎంపికతో ప్రెస్సుకు విడి ప్రతి తీసి ఇస్తాం. కర్వ్స్ చేశాక చిన్న అక్షరాలు కాస్త లావుగా పడతాయి, వెతకడమూ పోతుంది. అందుకే కంపెనీకి ఇచ్చేది మాత్రం ఎప్పుడూ ఫాంట్లున్న ప్రతే.

మిగిలిన పని

ఒడియా ఫారానికి నోటో సాన్స్ ఒరియా స్టాటిక్ ఫైళ్ళు అదే పద్ధతిలో పెట్టాం. లీడింగ్ 16.5 దానికీ సరిపోయింది. ప్రూఫు ఇచ్ఛాపురంలో ఒడియా చదివేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, కూడుకున్న అక్షరాలు సరిగా పడ్డాయో లేదో వాళ్ళే చెప్పాలి. ఏ3 నోటీసులో శీర్షిక 60 పాయింట్లకు పోతుంది. ఆ సైజులో 1.57 రెట్ల లీడింగ్ మరీ ఎడమైపోతోంది, రెండు లైన్ల శీర్షికలకు 1.35 దగ్గర ఒక్కో జతను విడిగా చూసి పెడుతున్నాం.